ఆడవాళ్ళ వార్డు

"నువ్వు పోటీలోంచి తప్పుకోవాలమ్మా!" అని డ్రిల్లు మాస్టారు గొంతు చించుకున్నారు.

పిండిమర గరగరలో ఆ మర నడిపే ఆవిడకి ఒక్క ముక్క వినపడలేదు. వినపడినా వినపడనట్టే ఉందేమో, చెప్పలేం. మాస్టారు మళ్ళీ మళ్ళీ అరిచాక స్విచ్చి ఆపి, కనుబొమల మీది పిండి దులుపుకుని, "నేనెందుకు తప్పుకోవాలి మాస్టారూ?" అంది తాపీగా.

"ఓట్లు చీలిపోతాయి గనక! బరిలో ఉన్నది ముగ్గురే ముగ్గురు. మేడవాళ్ళ కోడలు, మా ఆవిడ, నువ్వు. మన ఓట్లు మనమే చీల్చుకుంటే మళ్ళీ ఆ మేడే గెలుస్తుంది. నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి ఇవాళ మూడింటిదాకానే గడువు. వెళ్ళి ఒక్క సంతకం పెట్టి వచ్చెయ్."

మేడవాళ్ళంటే ఆ వార్డులో తెలియనివాళ్ళు లేరు. తాత కౌన్సిలరు, ఆయన తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు. నగరంలో ఏ వార్డు చూసినా ఇదే తంతు, ఇల్లు మారుతుందంతే. ఈసారి వార్డుని ఆడవాళ్ళకి కేటాయించేసరికి మనవడు తన పెళ్ళాన్ని నిలబెట్టాడు. ఆ మేడ మీద పోటీ చేసి ఓడిపోవడం మాస్టారికి అలవాటే. కానీ ఈసారి కూడా ఓడితే వీధిలో తలెత్తుకు తిరగలేనని ఆయన బెంగ.

"అయితే మీ ఆవిణ్ణే తప్పుకోమనొచ్చుగా?" అంది మర ఆవిడ. "మురిక్కాలవ కోసం, నీళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా మీతో తిరిగింది నేను. ఆవిడ ఒక్కనాడైనా వచ్చిందా?"

"రాకపోతేనేం? బయటివాళ్ళని గెలిపిస్తే రేపు ఎటు దూకుతారో ఎవరికి తెలుసు? మా ఆవిడైతే ఇంట్లో మనిషి. నేను ఎలా చెబితే అలా నడుస్తుంది."

"మేడాయనా ఇదే మాట అంటున్నాడట."

మాస్టారు ఒంటికాలి మీద లేచారు. "వాడిదీ నాదీ ఒకటేనా? వాడిది కుటుంబ పాలన! నాది పోరాటం!"

ఆవిడ స్విచ్చి వేసేసింది. మర మళ్ళీ గరగరమంది. మాస్టారు మరో రెండు మాటలు అరిచి, అవి తనకే వినపడక, చొక్కా నిండా పిండితో, మండిపోతున్న ఒంటితో ఇంటిదారి పట్టారు.

ఇంట్లో భార్య ఉపన్యాసం కాగితం పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉంది. పొద్దుటినుంచీ ఆయన వేసిన డ్యూటీ అది.

"ఊఁ, కానీ!" అన్నారు మాస్టారు, బళ్ళో పిల్లల్ని వరసలో నిలబెట్టిన గొంతుతో.

"కుటుంబ పాలనని కూకటివేళ్ళతో పెకలించడానికే మావారు నన్ను నిలబెట్టారు..."

"అందులో 'మావారు' ఎక్కడుంది? లేని మాట ఎందుకు కలుపుతావు?"

"నిజమే కదండీ మరి."

"నిజాలు ఎవరడిగారు నిన్ను? గడ్డం పైకి! చేతులు కిందికి! ఆ మేడ కోడలు చూడు, నోట్లో నాలుక లేదు, మొగుడు ఊపమంటే తల ఊపుతుంది. నువ్వూ అలాగే ఉంటే జనం ఏమనుకుంటారు?"

"ఆ అమ్మాయి బాగానే మాట్లాడుతుందండీ," అంది ఆవిడ.

మాస్టారు వినిపించుకోలేదు. ఆయన కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి. "ఆ పిండిమరదాన్ని చూడు, ఎంత మొండిఘటమో! బతిమాలాను, కోప్పడ్డాను. ఊహూఁ. తను గెలవదు, మనల్ని గెలవనివ్వదు. తల ప్రాణం తోకకొచ్చింది నాకు."

భార్య కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "పోనీ, నేను వెళ్ళి రానా? ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళం మేం తేల్చుకుంటాం."

మాస్టారికి చెవులు నమ్మబుద్ధి కాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ తనంతట తను అన్న మొదటి తెలివైన మాట ఇదేననిపించింది ఆయనకి. "వెళ్ళు! ఇప్పుడే వెళ్ళు! ఏం చేస్తావో, ఎలా చేస్తావో నాకనవసరం. గడువులోగా సంతకం పడి తీరాలి, అంతే!"

"సరేనండీ," అని ఆవిడ చెప్పులు వేసుకుంది.

ఆవిడ వెళ్ళాక మాస్టారికి కాలు ఒకచోట నిలవలేదు. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి తిరిగారు. ఫోను చేస్తే ఎత్తలేదు. మూడు కావస్తుంటే, ఒక్క పనీ సరిగ్గా చెయ్యలేని మనిషిని నమ్మి పంపానే అని తనని తనే తిట్టుకున్నారు.

మూడు దాటాక ఆవిడ నింపాదిగా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఏమైంది? చెప్పవే!"

"సంతకం పడిందండీ."

మాస్టారు ఎగిరి గంతేశారు. "పడిందీ! ఆ మొండిదాన్ని ఎలా ఒప్పించావు?"

"ఆవిణ్ణి నేనేం అడగలేదండీ. తప్పుకున్నది నేను."

ఆయన గోడ పట్టుకుని నిలబడ్డారు.

"ఎంత పని చేశావే! నా పోరాటమంతా బూడిదలో పోశావు కదే! ఆ మరదాని దగ్గర మనుషులున్నారా, జెండాలున్నాయా? మేడ కోడలి ముందు అది ఒక్క పూటైనా నిలబడగలదా?"

"ఎవరి ముందూ నిలబడక్కర్లేదండీ," అంది భార్య. "నన్ను ఆఫీసుకి కార్లో తీసుకెళ్ళిందే ఆ మేడ కోడలు. ముందు తను సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చింది."