సొంత గూడెం సేవ

హైటెక్ సిటీలో, పాస్టర్ల శిక్షణ కేంద్రం తొమ్మిదో అంతస్తులో ఉంది. చదువు ముగించుకుని ఆదిలాబాద్‌లోని తన గోండుగూడేనికి బయల్దేరిన రూతును, కేంద్రం నడిపే యోహాను సార్ ఆపాడు.

“నువ్వు ఫస్టొచ్చినవ్. ఇక్కడనే ఉండి మనోళ్లకు పాఠాలు చెప్పు.”

“మరి మా గూడెంల ప్రార్థన ఎవరు పెడ్తరు సార్?”

“నీ దగ్గర నేర్చుకున్నోళ్లు.”

“వాళ్లల్ల ఫస్టొచ్చినోళ్లను గూడ ఉంచుకుంటరా?”

“మంచోళ్లను ఎట్ల వదులుకుంటం?”

“మీరు గూడ వాపసు పోదామనే వచ్చిన్రా సార్?”

తనూ అలాంటి గోండుగూడెం నుంచే వచ్చిన యోహాను మెడలోని ఐడీ కార్డు సరిచేసుకున్నాడు.

రూతు సంచీ భుజానికెత్తుకుంది. లిఫ్టు దాకా వెంట వచ్చాడతను. తలుపులు మూసుకునేలోపు మెల్లగా అన్నాడు:

“మీ గూడెం అవతలనే మాది. జర అక్కడ గూడ ప్రార్థన పెట్టు, రూతమ్మా. ఇంకా ఎవ్వరూ పోలే.”