జనగామ ఓటు

సకల జనుల సమ్మె రోజులు. ఒక రక్తనిధికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో మూడు సర్వర్లు, ఒక్కోదానికి ఒక్కో ఓటు. రెండు ఓట్లు కలిస్తేనే దాతల జాబితా తెరుచుకుంటుంది. కరెంటు లేక భూపాలపల్లి సర్వర్ అప్పటికే ఆగిపోయింది.

ఆ ఉదయం జనగామ సర్వర్ చూసుకునే రాజేందర్ తెర చూసి ఉలిక్కిపడ్డాడు. తన ఓటు సున్నా. మహబూబాబాద్‌కు రెండు. అక్కడుండేది సుమన ఒక్కతే. పెత్తనం కోసమే ఈ పని చేసిందనుకుని ఫోన్ చేశాడు.

"నా ఓటు నువ్వే తీసినవా చెల్లే?"

"నేనే తీసిన అన్నా."

"నన్నడగకుండ ఎట్ల తీస్తవ్? ఏంది నీ మతలబు?"

"సమ్మె మెసేజ్‌లు నీ సర్వర్ నుంచే పోతున్నయని ఊరంత ఎరుకనే. పోలీసోళ్లు దాన్ని గుంజుకపోతే, నా ఒక్క ఓటుతోని లిస్టు తెరుసుకోదు. ముందే చెప్తే నువ్వు ఒప్పుకోవు."

రాజేందర్‌కు నమ్మబుద్ధి కాలేదు. ఫోన్ కట్ చేయకుండానే బల్ల మీద పెట్టి, ఓటు వెనక్కి తెచ్చుకోబోయాడు. బయట జీపు ఆగింది. కిటికీలోంచి చూసి, మీటల మీది చెయ్యి మెల్లగా తీసేశాడు.

పోలీసులు తీగలు పీకి సర్వర్‌ను ఎత్తుకుపోతుంటే ఫోన్‌లో సుమన గొంతు వినిపించింది.

"అన్నా, లిస్టు నడుస్తనే ఉన్నది. కాన్పుకొచ్చిన తల్లికి రక్తమిచ్చే మనిషి దొరికిండు."