అత్తగారి వీపు

చింతతోపులో ఒక కొండముచ్చుల కుటుంబం ఉండేది. అందరిలోకీ పెద్దది అత్తగారు. కోడలు ఆవిడకి ఏ లోటూ రానిచ్చేది కాదు. లేతచిగురు ముందు ఆవిడకే పెట్టేది, ఎండ తగలని కొమ్మ చూసి కూర్చోబెట్టేది. ఆ తర్వాత తక్కినవాళ్లంతా మరో కొమ్మ మీద చేరి, ఒకరి వీపు ఒకరు గోకుతూ, పేలు ఏరుకుంటూ కబుర్లాడుకునేవాళ్లు.

ఉన్నట్టుండి అత్తగారు తిండి మానేసింది. కోడలు మేడిపండ్లు తెచ్చింది, సీతాఫలాలు తెచ్చింది. ఆవిడ ముట్టలేదు. రోజురోజుకీ ఎముకలు తేలిపోతుంటే కోడలికి భయమూ కోపమూ కలిసి వచ్చాయి.

"దేవుడికైనా ఇన్ని నైవేద్యాలు పెట్టరు అత్తయ్యా! ఇంకేం తక్కువైంది మీకు?"

"తక్కువేం లేదమ్మా. నా వీపే నాకు అందడం లేదు."

కోడలు మెల్లగా వెనక చేరి, పలచబడ్డ ఆ వెంట్రుకలు పాయలు తీసి చూడసాగింది. చూస్తూ చూస్తూ చిన్న మరిది తేనెపట్టు కదిపి మూతి వాచిపోయిన సంగతి చెప్పింది. అత్తగారు కిసుక్కున నవ్వి, ఒక మేడిపండు నోట్లో వేసుకుంది.

"ఒక్క పేనూ లేదు కదత్తయ్యా!"

"ఉంటాయిలే తల్లీ, ఇంకాస్త చూడు."