గిర్దావరు గారి గలగల

ఎర్రదుమ్ము కొట్టుకుపోయిన మోటారు సైకిలు కొట్టు ముందు ఆగగానే దావూద్ మొహం తిప్పుకున్నాడు. గద్వాలలో ఇంజన్లు బాగుచేసేది అతనొక్కడే. ఆ బండి చప్పుడు వింటే మాత్రం అతనికి పళ్లు జివ్వుమనేవి.

బండి గిర్దావరు తిమ్మప్పది. యుద్ధం రోజులు. ఊరూరా తిరిగి రైతుల దగ్గర సర్కారు లెవీ ధాన్యం, అంటే పంటలో బలవంతపు వాటా, వసూలు చేయడం ఆయన పని. ఇంజను లోపలి టైమింగ్ గొలుసు అరిగి, సాగి, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మోగేది. గద్వాలలో కిక్కు కొడితే ఐజలో కోళ్లు ఇంటికప్పు ఎక్కేవి. నమ్మకపోతే ఐజ కోళ్లనే అడగండి.

దావూద్ స్క్రూడ్రైవరు మొన ఇంజను మూతకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. మూత విప్పి గొలుసును వేలితో నొక్కాడు. పాత నవారులా దిగింది. పళ్లచక్రం పళ్లు కొడవలి మొనల్లా వంగిపోయి ఉన్నాయి.

"గొలుసు మార్చాలె సాబ్. ఒక్క పన్ను తప్పిందంటే ఇంజను ఖతం."

"క్లచ్చి వైరు తెగింది, అది ఎయ్యి సాలు. సప్పుడు జోలికి పోకు."

"సప్పుడే రోగం సాబ్."

"రోగం నా బండిది. నీకేంది పరేషాన్?"

తిమ్మప్ప మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు. దావూద్ తుపుక్కున ఉమ్మేశాడు. ఆ చప్పుడు ఎందుకో అతనికి తెలియనిదా? ముందు డప్పు కొట్టించుకునే తాహతు లేక, దొరగారు వస్తున్నారని ఇంజను చేత కొట్టించుకుంటున్నాడు. పైగా ఊరి పొలిమేరలో బండి నిలిపి, ఇంజను ఆర్పకుండా, తీరిగ్గా తలపాగా చుట్టుకుని మరీ లోపలికి పోతాడట. పెళ్లికొడుకు మరి. ఇంత ఆర్భాటం చేసి తెచ్చేది చాటెడు గింజలు.

ఆయన ఖర్మ అనుకుందామంటే, నష్టపోయేది దావూద్. ఆ బండి ఎవరి చేతిదో ఊరూరా తెలుసు. బస్సు నడిపించే లింగయ్య తన పనికి రాయచూరు మిస్త్రీని పిలిపించుకున్నాడు. "గిర్దావరు బండి సప్పుడు ఆపనోనివి, నా బస్సేం సూస్తవ్" అని మొహం మీదే అన్నాడు. ఇలా ఇంకొకరంటే కొట్టు మూసుకోవడమే.

అంతలో తిమ్మప్ప చలిజ్వరంతో మంచం పట్టాడు. బండి కొట్టులోనే ఉండిపోయింది. దావూద్ సికింద్రాబాద్ నుంచి కొత్త గొలుసు, పళ్లచక్రాలు తెప్పించాడు. చక్రాల మీది గుర్తులు సరిగ్గా కలిపి గొలుసు ఎక్కించాడు. ఇంజనును ముందు చేత్తో మెల్లగా తిప్పి, లోపల ఏదీ తగలడం లేదని చూసుకున్నాకే కిక్కు కొట్టాడు. బండి పాలు తాగిన పిల్లిలా గుర్రుమంది.

దావూద్ మనసారా నవ్వుకున్నాడు. ఇక దొరగారు దొంగలా ఊళ్లోకి పోవాలి. లేచి నిలబడేవాడు ఉండడు, సలాం కొట్టేవాడు ఉండడు.

జ్వరం తగ్గాక తిమ్మప్ప వచ్చాడు. వసూళ్లు స్వయంగా చూస్తానని తహసీల్దారూ వెంట వచ్చాడు. కిక్కు కొట్టగానే తిమ్మప్ప బిత్తరపోయి దావూద్ వంక చూశాడు. ఏదో అనబోయాడు. అప్పటికే వెనక సీటెక్కిన తహసీల్దారు తొందరపెట్టడంతో బయలుదేరాడు.

సాయంత్రానికి తిరిగివచ్చారు. వెనక ఎడ్లబండ్ల వరుస. నేల పాతర్లలోంచి తవ్వి తీసిన జొన్నల సంచులు, ఇంకా మన్ను అంటుకునే ఉన్నాయి. తహసీల్దారు దిగి, దావూద్ భుజం తట్టి తాలూకా కచేరీకి వెళ్లిపోయాడు. అది చూసిన లింగయ్య తన బస్సు రేపే తోలుకొస్తానన్నాడు.

దావూద్‌కు ఛాతీ పొంగింది.

"ఎట్లుంది సాబ్, మా పని?" అన్నాడు వెటకారంగా.

తిమ్మప్ప బండి దిగలేదు. దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఊరోల్లు గింజలు దాసుకునే దాంక ఇనపడాలెననే గా సప్పుడు ఉంచుకున్న, దావూద్."