మూడో డబ్బా

మూడో డబ్బా మూత తీయగానే అనుపమకు దినేశ్ వాసన వచ్చింది.

లవంగం, రబ్బరు జిగురు, హెల్మెట్ లోపలి చెమట. పొరపాటు పడే ముక్కు కాదు ఆమెది. పంజాగుట్టలోని ఆ ల్యాబ్‌లో వాసన చూడటమే ఆమె ఉద్యోగం. దానికీ జీతమా అని చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ. అంతరిక్ష నౌకలో వాడే ప్రతి గుడ్డనూ, జిగురునూ ముందు డబ్బాలో బిగించి వేడి చేస్తారు. అది వదిలిన గాలిని యంత్రాలు చూశాక మనుషులు వాసన చూస్తారు. సున్నా అంటే వాసన లేదు. నాలుగంటే భరించలేం. ఒక్కరు నాలుగు వేసినా ఆ సరుకు వెనక్కే. పైకి వెళ్లినవాళ్లు కిటికీ తెరుచుకోలేరు కదా!

డబ్బాల మీద అంకెలే ఉంటాయి. దేంట్లో ఏముందో పరీక్ష నడిపే కేదార్‌కే తెలుసు. అయినా, తన భర్త దినేశ్ తయారుచేసిన సీటు ఫోమ్ ఈ వారమే పరీక్షకు వస్తోందని అనుపమ విన్నది. పెళ్లయిన దగ్గర్నుంచీ అతనికి దాని ధ్యాసే. అది పైకి ఎగరడం చూడకుండానే, మొన్న ఎండాకాలంలో గుండె ఆగి పోయాడు. దశదినకర్మ నాడు అత్తగారు అతని బట్టలన్నీ పంచేసింది. అమీర్‌పేట ఇంట్లో ఇక అతని వాసనే మిగల్లేదు. ఖాళీ బీరువాలో తల పెట్టి ఎన్నిసార్లు వెతుక్కుందో!

ఆ మనిషి ఇప్పుడు చెంప పక్కన ఊపిరి వదులుతున్నట్టుంది. ఆమెకు ఒళ్లు జలదరించింది.

"నాకేం తెలియట్లేదండీ," పక్క కుర్చీలో వీర్రాజు గారు గొణిగారు.

"మాట్లాడొద్దు సార్," అన్నాడు కేదార్. "అక్కా, జర జల్ది. నంబర్ వెయ్యి."

ఇంత ఘాటుకు నాలుగే వేయాలి. వేస్తే దినేశ్ కష్టమంతా చెత్తబుట్ట పాలు. ఈ ఉద్యోగంలో ఆమె ఇంతవరకు ఒక్క అబద్ధపు అంకె వేసి ఎరగదు. మరోసారి గుండె నిండా పీల్చుకుంది. కళ్లు తుడుచుకుని సున్నా వేసింది.

అందరూ లేచాక ఆగలేక అడిగేసింది.

"మూడో నంబరు పాసయినట్టేనా, కేదార్?"

"పాసయింది నువ్వక్కా," కేదార్ నవ్వాడు, "మూడోది ఉత్త ఖాళీ డబ్బా, మీ ముక్కులు నిజం చెప్తున్నయా లేదా చూద్దమని చెప్పకుండ నేనే పెట్టిన."