శుక్రవారం మేత

"ఆ మగ్గు నాదేంటే?" అంటూ వీరమ్మ గరిటె పట్టుకునే స్టవ్వు దగ్గర్నుంచి వెనక్కి గెంతింది.

సింకు పక్కన వేడినీళ్ళ మగ్గులో ఒక తెల్ల ఎలుక, తోక బయటికి వేలాడేసుకుని తేలుతోంది.

"నాదే పిన్నీ. అది చచ్చిందే, భయపడకు," అంది మణి. "ఐసు కరగాలిగా. చల్లగా పెడితే పాములకి అరగదంట."

"ఏదెను తోటలో ఆ పాము చేసిన నిర్వాకం చాలక గుదైబియాకి కూడా తెచ్చావా? ప్రభువుని నమ్ముకున్నదానివేనా నువ్వు?"

"నమ్ముకున్నాను కాబట్టే ఇంత ధైర్యం."

"నిన్న బిర్యానీ డబ్బా అనుకుని మూత తీశాను. రాత్రి ముద్ద దిగలేదు నాకు."

"డబ్బా మీద పేరు రాశానుగా!"

"నీ పేరు రాశావు. ఎలక పేరు రాయలేదు." వీరమ్మ ఉల్లిపాయలు కసిగా కలిపింది. "పెందలాడే తెములు, శుక్రవారం సెలవు, ప్రార్థనకి టైమవుతోంది. గదిలో బీరువా లేదు, కొక్కెం లేదు, నీ చీర మడత మాత్రం నలగదు. ఎలా చేస్తావో ఏంటో!"

మణి నవ్వుతూ మగ్గు అందుకుంది.

గల్ఫులోని ఆ గుదైబియా ఫ్లాటు పేరయ్య పేరు మీద ఉంది. హాలును ప్లైవుడ్ చెక్కలతో గదులుగా విడగొట్టి, ఇళ్ళలో పనిచేసుకునే ఆడవాళ్ళకు అద్దెకిచ్చాడు. తను కింది అంతస్తులో ఉంటాడు. అన్ని గదుల రెండో తాళంచెవులూ అతని బెల్టుకు వేలాడే గుత్తిలో ఉంటాయి. ఏసీ చూడాలని ఒకసారి, నల్లులమందు కొట్టాలని ఒకసారి, తలుపైనా తట్టకుండా తాళం తీసుకుని వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి కునుకు తీసిన మణి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. "చల్లగా వస్తోందా లేదా అని," అన్నాడు తాపీగా. లోపల గడియ పెట్టించుకుంటానంటే ఒప్పుకోలేదు, తలుపు పాడవుతుందట.

ఆ వారంలోనే మణి తను వంటచేసే విల్లా నుంచి నల్లగుడ్డ కప్పిన గాజుపెట్టె ఒకటి మోసుకొచ్చింది. మేడమ్ కొడుకు కొండచిలువను పెంచి పెంచి విసిగిపోయాడని, పారేయడానికి తనకు చేతులు రాలేదని ఫ్లాటంతా వినబడేలా చెప్పింది. వెలుతురు పడదు కాబట్టి గుడ్డ తీయొద్దంది. ఆనాటి నుంచి పేరయ్య ఆ గుమ్మం తొక్కలేదు.

మేత వ్యవహారం మాత్రం మణి అనుకున్నంత తేలిక కాలేదు. ఎలుకల కోసం బస్సెక్కి సనాబిస్ దాకా పోవాలి. "పాము ఎంతుంటుంది బెహన్?" అని దుకాణం భాయ్ అడిగితే జానెడు చూపించింది. కాస్త ఆలోచించి రెండు చేతులూ బార్లా చాపింది. "అయితే పెద్ద ఎలుకలే కావాలి. ఒకసారి తీసుకురా, చూస్తాను," అన్నాడతను. దానికి కొత్త మనుషులు పడరని చెప్పి తప్పించుకుంది. బస్సులో సంచీ కరిగి కారితే పక్కసీటు ఆవిడ లేచిపోయింది. వీటన్నిటి మధ్యా సంతోషంగా ఉన్నది వెనక సందులోని చెవి తెగిన పిల్లి ఒక్కటే. ఈ మధ్య బాగా బలిసి, మణి ఎక్కడ కనబడితే అక్కడ కాళ్ళకు చుట్టుకుంటోంది.

మగ్గు పట్టుకుని గది తలుపు తీస్తుండగా వెనక తాళంచెవుల చప్పుడైంది.

"ఏమ్మా మణీ, ఇంకా ఉందా అది?" పేరయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇన్నాళ్ళయింది, చూసినోడు ఒక్కడూ లేడు. అసలు తింటందో చచ్చిందో! చస్తే ఫ్లాటంతా కంపు. ఇయ్యాల నా కళ్ళ ముందు మేత పెట్టు. తింటే ఉండనీ. లేదంటే ఖలాస్, గది ఖాళీ చేసెయ్."

మణి మగ్గు కింద పెట్టింది. తర్వాత పట్టకారుతో ఎలుకను తోక పట్టి పైకి లేపింది.

"మంచిమాట చెప్పారు పేరయ్య గారూ. ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే తంటాలు పడుతున్నాను. రండి, గుడ్డ తీసి మూత మీరు ఎత్తండి. నేను అందిస్తా."

పేరయ్య రెండడుగులు లోపలికి వేశాడు. గుడ్డ మీద చెయ్యి కూడా వేశాడు.

"చెయ్యి మాత్రం వణక్కూడదండీ. పోయిన శుక్రవారం ఏమీ ముట్టలేదు, ఆకలి మీదుంటుంది. ఎలకేదో వేలేదో చూసుకోదు."

చెయ్యి గుడ్డ మీదే ఆగింది.

"ఊఁ, ఎత్తండి! ఆడదాని గదిలోకి రావడానికి లేని భయం పెట్టె మూతకెందుకు?"

గుమ్మంలోంచి తొంగిచూస్తున్న వీరమ్మ కిసుక్కున నవ్వింది. పేరయ్య చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో ఫోను తడుముకున్నాడు. "ఎవరో పిలుత్తున్నారు," అంటూ వెనక్కి తిరిగాడు.

"ఇంకోమాట వినిపోండి. పెట్టెలో ఇరుగ్గా ఉంటోందని, రేపట్నుంచి డ్యూటీకి పోయేటప్పుడు గదిలో వదిలేసి పోతాను. మీ దగ్గర ఇంకో తాళంచెవి ఉందిగా. మర్చిపోయి తీశారనుకోండి, నా పూచీ లేదు."

పేరయ్య గుత్తిలోంచి తాళంచెవి ఊడబీకి గుమ్మం మీద పడేశాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు గబగబా దిగిపోయింది.

వీరమ్మ నవ్వాపి దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించి, "ఒసే, ఆ పెట్టె నా గదిలో కూడా నాలుగు రోజులు పెట్టవే," అంది.

మణి ఆమె మొహంలోకి చూసింది. "పెడతాను పిన్నీ. నీ తాళంచెవి కూడా తెప్పిద్దాం."

తలుపు వేసుకుని లోపలి నుంచి తాళం తిప్పింది. కిటికీ కింద చెవి తెగిన పిల్లి అప్పుడే అరుపు అందుకుంది. "ఇదిగో, వస్తున్నా," అని దానికి జవాబిచ్చి, ప్రార్థనకు తయారవడానికి పెట్టె మీది నల్లగుడ్డ తొలగించింది.

ఆ పెట్టెలో మొదటినుంచీ ఉన్నవి ఆమె చర్చి చీరలే.