ఆఖరి ట్యూబు

"ఇంకా పదిహేడో నంబరు దగ్గరే ఉన్నావా అమ్మా?"

ల్యాబు పెద్దాయన తలుపులోంచి తొంగి చూశాడు. టెక్నీషియన్ కుర్చీలోంచి లేవలేదు. పొద్దుటి నుంచి నిలబడి ఆమె కాళ్లు పీకేస్తున్నాయి. ముప్పై తొమ్మిది నమూనాలు అయ్యాయి. ఇదొక్కటే మిగిలింది.

ఊపిరితిత్తుల వైరస్‌కు టీకా వేయించుకున్న నలభై మంది దగ్గర, మూడేళ్ల తర్వాత తీసి గడ్డకట్టించి దాచిన రక్తకణాలవి. వాటిని కరిగించి, వైరస్ ముక్కలు చూపించి, ఇంకా గుర్తుపడుతున్నాయో లేదో తేల్చాలి. ల్యాబులో ఎవరికీ పేర్లుండవు, నంబర్లే. అందరికీ నాలుగేసి ట్యూబులున్నాయి. పదిహేడుకు మాత్రం ఒక్కటే మిగిలింది.

"దీన్ని వదిలేద్దాం సార్. కరిగిస్తే ఇంకేం మిగలదు."

"నలభై మందని రాసిచ్చాం కదమ్మా! చెయ్యి తిరిగినదానివి, నీకు భయమేంటి? పోనీ, ఆయన్నే పిలిపించి మళ్లీ రక్తం తీయిద్దాం."

"రారు సార్."

"ఏం, సూదంటే భయమా?"

ఆమెకు నవ్వొచ్చింది. ప్రతిసారీ పదిహేడో నంబరు చీటీ పట్టుకుని అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు. సూది దిగుతుంటే చీమ కుట్టినట్టయినా లేదంటూ, రాజకీయాలు చెప్పి నర్సు బుర్ర తినేవాడు.

"మరి మన మీద అలిగాడా?"

"అదేం లేదు. మీరెళ్లండి సార్, చేస్తాను."

చేయాలని ఆమెకు బొత్తిగా లేదు. వాదించే ఓపికా లేదు. ట్యూబును గోరువెచ్చని నీళ్లలో పెట్టి మెల్లగా తిప్పింది. మైక్రోస్కోపులో చూస్తే కణాలు నిక్షేపంగా ఉన్నాయి. లెక్క అయిపోయినా చాలాసేపు చూస్తూనే ఉండిపోయింది. తర్వాత వాటిని వైరస్ ముక్కలతో కలిపి ప్లేటులో పోసి, వెచ్చటి పెట్టెలో పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం పద్ధతి ప్రకారం ప్లేటులోంచి కణాలను కడిగేసి, ఖాళీ ప్లేటుకు రంగు వేసింది. వైరస్‌ను గుర్తుపట్టిన కణం అంతకుముందు ఉన్న చోటల్లా ఒక నీలి చుక్క తేలుతుంది. పదిహేడో గడిలో చుక్కలు కిక్కిరిసిపోయాయి.

"అబ్బో! నలభై మందిలోకీ ఈయనదే గట్టి జ్ఞాపకం," అని పెద్దాయన పొంగిపోయాడు. "ఎవరో కనుక్కుని ఫోన్ చేసి చెప్పమ్మా, సంతోషిస్తాడు."

ఆమె గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో వేసింది.

"ఫోనెత్తడానికి మా నాన్న లేడు సార్, పోయి ఏడాదిన్నరయింది, ఆయనలో ఇన్నాళ్లూ ప్రాణంతో మిగిలినవి ఇందాక నేను కడిగి పారబోసిన ఆ కణాలే."